కోలాటం ఆడితే జబ్బు లేనట్టేనా?

ఎలమంచిలి: నరాల జబ్బుతో నడక తడబడే మనిషి ఇంటి అరుగు మీద కదలకుండా కూర్చుంటే నలుగురూ జాలిపడతారు. అదే మనిషి ఒకనాటి సాయంత్రం కోలాటం కర్రలు చేతబడితే ఆ జాలి కాస్తా అనుమానంగా మారుతుంది. ఆడగలిగిన మనిషికి పింఛను ఎందుకన్న ప్రశ్న పుట్టడానికి ఎంతోసేపు పట్టదు. మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే వ్యాధి విషయంలో ఈ ప్రశ్నకు ఇప్పుడు ప్రత్యేకమైన ప్రాముఖ్యం వచ్చింది.

రాష్ట్రంలో వికలాంగుల ధ్రువపత్రాలను 2025లో తిరిగి పరిశీలించారని, అనేకమందికి నోటీసులు వెళ్లాయని, ఆ తరువాత అప్పీలు చేసుకునే అవకాశం ఇచ్చారని పాఠకులకు విదితమే. అనర్హులను ఏరివేయడం అవసరమే, కాదనేవారు లేరు. అయితే ఒకరోజు బాగుండి మరొకరోజు మంచం దిగలేని స్థితి కలిగించే వ్యాధులు కొన్ని ఉన్నాయి. అటువంటి వ్యాధి ఉన్నవారిని వైద్యశాస్త్రం కదలమంటోంది. చేతనైతే నృత్యం కూడా చేయమంటోంది. కదిలితే తమ జబ్బును ఎవరూ నమ్మరేమోనన్న భయం వారిని వెనక్కి లాగుతోంది. ఈ చిక్కుముడిని విప్పడం అంత కష్టమేమీ కాదు. చట్టం అందుకు అనుకూలంగానే ఉంది. కావలసిన కళ మన ఊళ్లలోనే ఉంది.

ఏమిటీ వ్యాధి?

మెదడు నుంచి, వెన్నుపాము నుంచి శరీరానికి ఆజ్ఞలు మోసుకుపోయే నరాలపై ఒక కొవ్వు పొర ఉంటుంది. దానిని మైలిన్ అంటారు. కరెంటు తీగకు పైతొడుగు ఎటువంటిదో నరానికి ఈ పొర అటువంటిది. శరీరాన్ని రోగాల నుంచి కాపాడవలసిన రక్షణ వ్యవస్థ దారితప్పి ఈ పొరనే కొరికివేయడం మల్టిపుల్ స్క్లెరోసిస్ లక్షణం. ఎం.ఎస్. అని వైద్యులు క్లుప్తంగా అంటారు. 1868లో పారిస్ నగరంలో షార్కో అనే వైద్యుడు దీనిని ప్రత్యేకమైన వ్యాధిగా వర్ణించాడు. దీనిని పూర్తిగా నయం చేసే మందు నేటికీ లేదు. వ్యాధి పోకడను కొంతవరకు అదుపుచేసే మొదటి మందుకు అమెరికాలో అనుమతి లభించింది 1993లో మాత్రమే. ఆ తరువాత మందులు పెరిగాయి. వాటిలో మూడింటిని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో అత్యవసర మందుల జాబితాలో చేర్చింది.

ఈ జబ్బు ముసలివారిది కాదు. సాధారణంగా 20 నుంచి 40 ఏళ్ల లోపు వయసులో బయటపడుతుంది. పురుషుల కంటే స్త్రీలలో కనీసం రెండింతలు ఎక్కువ. ఒక కంటికి చూపు మసకబారడం, కాళ్లు చేతులు తిమ్మిరెక్కడం, నడుస్తూ తూలడం, మూత్రం ఆపుకోలేకపోవడం, ఏ పనీ చేయకుండానే ఒళ్లు బరువెక్కిపోయేంత అలసట దీని ఆనవాళ్లు. చాలామందిలో జబ్బు కొన్ని వారాలు విజృంభించి, తరువాత తగ్గుముఖం పట్టి, నెలలకో ఏళ్లకో మళ్లీ తిరగబెడుతుంది. పైకి చూస్తే మనిషి ఆరోగ్యంగానే కనిపిస్తుంది. పిల్లలను పెంచుకునే వయసులో ఉన్న ఇల్లాలు పొయ్యి దగ్గర పది నిమిషాలు నిలబడలేకపోతే బద్ధకమని, నటనని ఇంటివారే అనుకునే ప్రమాదం ఉంది.

2023 నాటి అంతర్జాతీయ అంచనా ప్రకారం ప్రపంచంలో సుమారు 29 లక్షల మందికి ఈ వ్యాధి ఉంది. చలిదేశాలతో పోలిస్తే మన దేశంలో తక్కువే. కర్ణాటకలోని మంగళూరు నగరంలో జరిపి 2014లో ప్రకటించిన పరిశీలనలో లక్ష మందికి సుమారు ఎనిమిది మంది చొప్పున తేలారు. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన అనకాపల్లి జిల్లాలో, 2011 లెక్కల ప్రకారం జనాభా 17 లక్షల పైచిలుకు. మంగళూరు లెక్కే ఇక్కడికీ వర్తిస్తుందనుకుంటే జిల్లా మొత్తంలో నూట నలభై మంది వరకు ఉండాలి. ఇది లెక్కగట్టిన అంకెే తప్ప ఇంటింటా తిరిగి తేల్చినది కాదు. అయినా ఒక విషయం మాత్రం స్పష్టం. ఈ రోగులు గుంపుగా ఒకచోట లేరు. ఊరికొకరు, మండలానికి కొందరు చెదిరి ఉన్నారు. వారికోసమే ప్రత్యేకంగా ఒక కేంద్రం పెట్టాలంటే ఎలమంచిలి వంటి పట్టణంలో సాధ్యపడదు. ఉన్నవాటినే వారికి అనువుగా మలచడం ఒక్కటే దారి.

విశ్రాంతి పోయి వ్యాయామం వచ్చింది

నిన్న మొన్నటి వరకు ఎం.ఎస్. రోగులకు వైద్యులు ఇచ్చిన సలహా ఒక్కటే. శ్రమ పడవద్దు, ఎండలోకి పోవద్దు, విశ్రాంతి తీసుకోండి. దీని వెనుక ఒక కారణం లేకపోలేదు. 1890లో ఉథాఫ్ అనే జర్మన్ కంటి వైద్యుడు ఈ రోగులలో కొందరికి శ్రమ పడినప్పుడు చూపు మసకబారుతోందని గమనించాడు. శరీరంలో వేడి పెరగడమే దీనికి కారణమని తరువాత తెలిసింది. పైపొర చెడిన నరంలో సందేశం అసలే కష్టం మీద నడుస్తుంది. ఒంటి వేడి కాస్త పెరిగినా అది తెగిపోతుంది. ఎమ్మారై స్కానింగులు రాకముందు కొన్ని దేశాల్లో రోగిని వేడినీటి తొట్టిలో కూర్చోబెట్టి, లక్షణాలు బయటపడితే వ్యాధిని నిర్ధారించేవారంటే ఈ వేడి ప్రభావం ఎంతటిదో గ్రహించవచ్చు.

అయితే ఒళ్లు చల్లబడగానే ఆ లక్షణాలు వెనక్కి పోతాయి. అవి తాత్కాలికమే. వ్యాధి ముదిరినట్టు కాదు. ఈ తేడాను గుర్తించడానికి చాలాకాలం పట్టింది. 1996లో అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయం వారు 54 మంది రోగులను తీసుకుని, కొందరిచేత పదిహేను వారాలపాటు వారానికి మూడుసార్లు వ్యాయామం చేయించారు. వ్యాయామం చేసినవారికి దమ్ము, కండబలం పెరిగాయి. మనసు తేలికపడింది. వ్యాధి విజృంభించలేదు. ఆ తరువాత వచ్చిన పరిశోధనలు కూడా ఇదే బాట పట్టాయి. శక్తి ఉన్నంతవరకు వారానికి 150 నిమిషాలపాటు ఏదో ఒక రూపంలో శరీరానికి పని చెప్పడం మంచిదని 2020లో అమెరికా నిపుణులు సిఫారసు చేశారు. కదలకుండా కూర్చోవడం వల్ల కండ కరిగి, కీళ్లు బిగిసి, ఎముక పలచబడి, జబ్బు చేసిన నష్టానికి తోడు మరో నష్టం వచ్చిపడుతుందని ఇప్పుడు అందరూ ఒప్పుకుంటున్నారు.

వ్యాయామాలలో నృత్యమే ఎందుకు?

గదిలో ఒంటరిగా కాళ్లు ఆడించమంటే ఎవరైనా నాలుగు రోజులు చేస్తారు, అయిదోరోజు మానేస్తారు. పాట, తాళం, పక్కన మనుషులు ఉంటే మానబుద్ధి కాదు. ఇది మొదటి సంగతి. రెండవది, ఎం.ఎస్. రోగికి బరువులెత్తడం కంటే కష్టమైనవి మరికొన్ని ఉన్నాయి. ఒక కాలి మీద నుంచి మరో కాలి మీదకు బరువు మార్చడం, పక్కకు అడుగువేయడం, వెనక్కి తిరగడం, తిరుగుతూ పడిపోకుండా నిలదొక్కుకోవడం. నృత్యంలో ఉన్నదంతా ఇదే. అడుగుల వరుస గుర్తుపెట్టుకోవాలి కనుక బుర్రకు కూడా పని తగులుతుంది. తాళం చెవిన పడుతుంటే అడుగు ఎప్పుడు వేయాలో బయటినుంచి ఒక సూచన అందుతున్నట్టే.

అమెరికాలో ఈ రోగులకు సల్సా, బాల్‌రూం, బాలే నృత్యాలు నేర్పి పరీక్షించారు. 2016లో ప్రకటించిన ఒక పరిశీలనలో ఎనిమిది మంది నాలుగు వారాలు సల్సా నేర్చుకోగా నడకలో, నిలకడలో మెరుగుదల కనిపించింది. ఎనిమిది మందిని చూసి లోకమంతటికీ తీర్పు చెప్పలేం. ఇవన్నీ చిన్న పరిశీలనలే. నృత్యం జబ్బును తగ్గిస్తుందని ఏ పరిశోధకుడూ అనలేదు. మందుల స్థానాన్ని అది ఆక్రమించజాలదు. జబ్బు ఉన్నా శరీరాన్ని పనిలో ఉంచే సాధనాలలో అది ఒకటి, మనుషులు విసుగు లేకుండా కొనసాగించగలిగిన సాధనం. అంతవరకే చెప్పుకోవాలి.

నరాల జబ్బు ఉన్నవారికి నృత్యం నేర్పడం మన దేశానికీ కొత్త కాదు. పార్కిన్సన్స్ వ్యాధిగ్రస్తుల కోసం న్యూయార్కులోని బ్రూక్లిన్‌లో మార్క్ మోరిస్ నృత్య బృందం 2001లో తరగతులు ప్రారంభించింది. మహారాష్ట్రలోని పూనాలో నర్తకుడు హృషీకేశ్ పవార్ పార్కిన్సన్స్ ఉన్నవారికి నృత్యం నేర్పుతూ పేరు తెచ్చుకున్నారు. అక్కడివారు తమకు తెలిసిన నృత్యాన్ని వాడుకున్నారు. మనం మనకు తెలిసినదాన్ని వాడుకోవాలి.

కర్రలు, కోపులు, కుర్చీలు

ఉత్తరాంధ్రలో ఆటకు కొరత లేదు. తప్పెటగుళ్లు ఉన్నాయి, ఏజెన్సీలో ధింసా ఉంది, పట్టణాల్లో కూచిపూడి నేర్పేవారున్నారు. కానీ వీటన్నిటికంటే ఈ రోగులకు అనువైనది కోలాటమే. తప్పెటగుళ్లలో గెంతులు ఎక్కువ. కూచిపూడిలో మోకాళ్లు వంచి నిలవడం, పాదం బలంగా తాటించడం తప్పవు. స్పర్శ తగ్గిన కాలికి అది మంచిది కాదు. కోలాటంలో అడుగు సాదాది. తాళం మొదట నిదానంగా సాగి తరువాతే జోరందుకుంటుంది. ఎక్కడ ఆపాలో గురువు చేతిలో ఉంటుంది. కర్రకు కర్ర తగిలిన చప్పుడే తాళం తప్పిందో లేదో చెప్పేస్తుంది. పక్కవారి కర్రను అందుకోవాలి కనుక చూపు, చేయి, అడుగు మూడూ కలిసి పనిచేయాలి. సరిగ్గా ఈ మూడింటి పొత్తునే ఈ జబ్బు చెడగొడుతుంది.

ఇందులో మరో సౌలభ్యం ఉంది. నిలబడలేనివారు కుర్చీలో కూర్చుని కూడా ఆడవచ్చు. వలయంగా కుర్చీలు వేసి, తన కర్రలు తాను తాటించుకుని, తరువాత కుడిపక్కవారితో, ఆపై ఎడమపక్కవారితో తాటిస్తే అదీ ఒక కోపే. ఓపిక ఉన్నవారు లేచి నాలుగడుగులు వేసి మళ్లీ కూర్చోవచ్చు. ఎవరూ ఆట నుంచి బయటకు పోనక్కరలేదు. గిరగిరా తిరిగే కోపులను, జడకోలాటాన్ని మాత్రం ఇటువంటి తరగతిలో పెట్టరాదు.

పిడికిట్లో పట్టు తగ్గినవారికి మామూలు కోలాటం కర్ర బరువనిపించవచ్చు. ఎలమంచిలికి కూతవేటు దూరంలో ఏటికొప్పాక ఉంది. అక్కడి లక్కబొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఆ బొమ్మలకు వాడే అంకుడు కర్ర తేలికైనది, తరిణి మీద నున్నగా సాగుతుంది. చేతిలో జారకుండా పిడి దగ్గర కాస్త లావుగా, చూపు మందగించినవారికి కనిపించేలా ముదురు రంగు లక్కతో కర్రలు తయారు చేయమంటే అక్కడి కళాకారులకు అదొక పెద్ద పని కాదు. వందల రూపాయలతో అయ్యే ఖర్చు ఇది.

ఎండ విషయంలో జాగ్రత్త

చలిదేశాల సలహాలను ఇక్కడ యథాతథంగా పాటిస్తే మాత్రం చిక్కులు తప్పవు. మనది కోస్తా. ఎండకు తోడు ఉక్కపోత. చెమట ఆరకపోతే ఒంటి వేడి దిగదు. అందుచేత వేసవిలో తరగతి ఉదయం ఏడు గంటలలోపే ముగియాలి, లేదా పొద్దుగూకిన తరువాత జరగాలి. గాలి ఆడే చోటు, ఫ్యాన్లు, చల్లని తాగునీరు, మెడకు చుట్టుకోవడానికి తడి తువ్వాలు తప్పనిసరి. పది నిమిషాలు ఆడి అయిదు నిమిషాలు ఆగాలి. దగ్గరలో మరుగుదొడ్డి ఉండాలి. ఇది చిన్న విషయంగా కనిపించవచ్చు గాని, ఈ ఒక్క కారణం చేతనే ఇల్లు కదలని ఆడవారు ఉంటారని మరువరాదు. కుర్చీలు జారనివై ఉండాలి. నున్నటి టైల్సు మీద ప్లాస్టిక్ కుర్చీలు వేయరాదు.

ఆడిన మర్నాటికి కూడా అలసట తీరకపోతే మోతాదు ఎక్కువైందని అర్థం. మరుసటిసారి తగ్గించుకోవాలి. కొత్తగా చూపు తగ్గినా, కొత్తగా కాలో చెయ్యో పడిపోతున్నట్టు తోచి ఒక రోజు దాటినా తగ్గకపోయినా ఆట మానుకుని వెంటనే నరాల వైద్యుని చూడాలి. ఏ రోగీ తన వైద్యునికి చెప్పకుండా ఇటువంటి తరగతిలో చేరకూడదు.

'మయూరి' నేర్పిన పాఠం, నేర్పనిది

నృత్యం, వైకల్యం అనగానే తెలుగువారికి 'మయూరి' గుర్తుకు వస్తుంది. 1981లో ప్రమాదంలో కాలు పోగొట్టుకున్న నర్తకి సుధాచంద్రన్ జైపూరు కాలు పెట్టుకుని తిరిగి రంగస్థలమెక్కారు. ఆమె కథనే ఆమెచేత నటింపజేసి సింగీతం శ్రీనివాసరావు దర్శకత్వంలో రామోజీరావు తీసిన ఆ చిత్రం 1985లో తెలుగునాట ఘనవిజయం సాధించింది. వికలాంగులు ఆడలేరన్న భావనను అది చెదరగొట్టింది.

కానీ సుధాచంద్రన్ నాట్యం చూసి ఆమెకు కాలు పోలేదని ఎవరూ అనలేదు. పోయిన కాలు అందరికీ కనిపిస్తుంది. నేడు లేని కాలు రేపూ లేదు. ఎం.ఎస్. రోగి విషయం వేరు. ఆమె కాళ్లు రెండూ ఉన్నాయి. సోమవారం పది నిమిషాలు ఆడుతుంది, గురువారం గోడ పట్టుకుని నడుస్తుంది. సోమవారం చూసినవారు ఒకటి చెబుతారు, గురువారం చూసినవారు మరొకటి చెబుతారు. ఇద్దరూ చెప్పేది నిజమే. ఈ మార్పే ఆ జబ్బు స్వభావం. ఒకరోజు పరీక్షతో తేల్చి శాతం వేసే పద్ధతిలో ఈ రోగులకు అన్యాయం జరగడానికి అవకాశం ఉంది. శాతం నలభైకి తగ్గితే ధ్రువపత్రం ప్రయోజనాలు దక్కవు. 2024 జూలై నుంచి రాష్ట్రంలో వికలాంగుల పింఛను నెలకు 6,000 రూపాయలు. మందులకు, విశాఖ రాకపోకలకు దానిమీదే ఆధారపడే కుటుంబానికి అది చిన్న మొత్తం కాదు. ఆ కుటుంబం తమ కోడలిని కోలాటానికి పంపడానికి వెనుకాడితే తప్పుపట్టలేం.

చట్టం ఏమంటోంది?

1995 నాటి వికలాంగుల చట్టంలో ఏడు రకాల వైకల్యాలే ఉండేవి. మల్టిపుల్ స్క్లెరోసిస్ వాటిలో లేదు. 2016 చట్టం ఆ సంఖ్యను 21కి పెంచి దీనిని చేర్చింది. ఎక్కువమంది గమనించని అంశం మరొకటి ఆ చట్టంలో ఉంది. సంస్కృతి, వినోదాలకు సంబంధించిన 29వ సెక్షను వికలాంగులు పాల్గొనేందుకు ప్రభుత్వాలు వీలు కల్పించవలసిన కార్యక్రమాలను పేర్కొంటూ నృత్యాన్ని కూడా పేరు పెట్టి చెప్పింది. కళల శిక్షణను వికలాంగులకు అనువుగా మార్చాలని కూడా అదే సెక్షను చెబుతోంది. అంటే వికలాంగురాలు ఆడటం ఆమె హక్కు, ఆడే వీలు కల్పించడం ప్రభుత్వ బాధ్యత. ఏ చట్టం కింద ధ్రువపత్రం ఇస్తున్నారో ఆ చట్టమే ఆడమని ప్రోత్సహిస్తుంటే, ఆడటాన్నే అనర్హతకు సాక్ష్యంగా చూపడం ఆ చట్టానికే విరుద్ధం.

కనుక వైద్య బోర్డులు ఈ వ్యాధి ఉన్నవారిని పరీక్షించేటప్పుడు ఆనాటి నడకను మాత్రమే కాక, గడచిన ఏడాదిలో జబ్బు ఎన్నిసార్లు తిరగబెట్టింది, ఎంతదూరం నడిస్తే అలసట వస్తోంది, వేడికి ఏమవుతోంది అనే విషయాలను కూడా నమోదు చేయాలి. నరాల వైద్యుని రికార్డులకు తగిన విలువ ఇవ్వాలి. వ్యాయామంగా నృత్యం చేస్తున్నవారికి ఆ సంగతిని చికిత్సలో భాగంగా వైద్యుడే చీటీలో రాసిస్తే, ఆ చీటీయే వారికి రక్షణ అవుతుంది.

చేయవలసింది ఏమిటి?

ఎం.ఎస్. రోగులు తక్కువమందే కనుక వారితోపాటు పక్షవాతం నుంచి కోలుకుంటున్నవారిని, పార్కిన్సన్స్ ఉన్నవారిని కలిపి ఎలమంచిలిలో వారానికి రెండు రోజులు ఒక తరగతి నడపవచ్చు. దీనికి కొత్త భవనం అక్కరలేదు. కల్యాణమండపమో, పాఠశాల వరండానో చాలు. జిల్లా ఆసుపత్రి నుంచి ఒక ఫిజియోథెరపిస్టు నెలకొకసారి వచ్చి ఎవరు ఎంతవరకు ఆడవచ్చో చూసి చెప్పాలి. మిగతా రోజుల్లో కోలాటం గురువు నడిపిస్తారు. గురువుకు కూడా రెండు మూడు రోజులు తగిన శిక్షణ ఇవ్వాలి. ఊళ్లలో ఇప్పటికే ఉన్న మహిళా కోలాటం బృందాల నుంచి ఇద్దరు ముగ్గురు వచ్చి ఒక్కొక్క రోగి పక్కన నిలబడితే పడిపోయే భయం ఉండదు. దేవుని ఉత్సవాలలో ఏళ్ల తరబడి ఆడుతున్న వారికి ఇది సేవే అవుతుంది.

ఇక ఇంటివారు గ్రహించవలసింది ఒకటుంది. ఈ జబ్బు ఉన్నవారు ఒక గంట హుషారుగా కనిపిస్తే జబ్బు పోయినట్టు కాదు, మర్నాడు పడుకుంటే నటన కాదు. రెండింటినీ నమ్మగలిగిన ఇంట్లోనే ఈ రోగి కోలుకుంటుంది. జిల్లా అధికారులు, వైద్యులు, కోలాటం గురువులు ఒకచోట కూర్చుని ఒక్క పూట మాట్లాడుకుంటే ఈ తరగతి మొదలవుతుంది. వచ్చే కార్తీకం నాటికి, ఎండ తగ్గి గాలి చల్లబడే రోజులకు, అది మొదలు కావాలని ఆశిద్దాం. వలయంలో కొన్ని కుర్చీలు కూడా ఉన్నంత మాత్రాన కోలాటానికి వచ్చిన లోటేమీ లేదు.